తానం చేయించకుండా తోలుకరాండ్రి

"ఈసీజీ నార్మలే వచ్చింది మేడం." ఈ ఒక్క మాట వినీ వినీ నా సర్వీసంతా ఒళ్లు మండుతూనే గడిచింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా అది నన్ను వదల్లేదు. మొన్న మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా అదే మాట చెప్పి కాగితం చూపించింది. గుండెదడ ఎప్పుడు వచ్చింది అని అడిగితే సోమవారం అంది. ఈసీజీ ఎప్పుడు తీశారు అంటే గురువారం అంది. గురువారం గుండె బాగుందని తెలిసింది, సంతోషం. సోమవారం సంగతి ఎవరు చెప్పాలి?

నేను నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేశాను. గుండె స్పెషలిస్టును కాను. స్పెషలిస్టు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన దగ్గరికి ఎవరు వెళ్లాలి, ఎవరు అక్కర్లేదు అని తేల్చేది మాత్రం మనమే. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడం అంటారు. ప్రమోషన్లు, బదిలీల గురించి చెప్పను. వాటి మీద నా అభిప్రాయం అచ్చు వేసేలా ఉండదు. గుండె లయ గురించి, దాన్ని కాగితం మీద పట్టుకోవడానికి పడ్డ తిప్పల గురించి చెబుతాను. అందులోనూ ముఖ్యంగా రేణుక అనే అమ్మాయి గురించి.

కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గుండెకు కరెంటు బయటి నుంచి రాదు. కుడివైపు పై గదిలో ఒక చిన్న చోట అదే పుడుతుంది. పై గదులకు పాకి, మధ్యలో ఉన్న ద్వారం దగ్గర క్షణం ఆగి, కింది గదులకు దిగుతుంది. అది పోయిన చోటల్లా కండరం ముడుచుకుంటుంది, రక్తం ముందుకు కదులుతుంది. ఈ ప్రయాణాన్ని ఒంటి మీద నుంచే కనిపెట్టి గీతగా గీసేదే ఈసీజీ. ముందు ఒక చిన్న గుబ్బ, అది పై గదులది. తర్వాత నిటారుగా లేచే సూది, అది కింది గదులది. ఆ వెనక ఇంకో గుబ్బ, అంటే కింది గదులు మళ్లీ పనికి సిద్ధమవుతున్నాయని. ఇదే వరస సమంగా తిరుగుతుంటే లయ బాగున్నట్టు.

వరస తప్పితే అందులోనే జబ్బు పేరు ఉంటుంది. చిన్న గుబ్బలు మాయమై సూదులు ఇష్టమొచ్చినట్టు పడుతుంటే ఒక జబ్బు. గుబ్బలు వాటి దారిన అవి, సూదులు వాటి దారిన అవి పోతుంటే మధ్య ద్వారం మూసుకుపోయిందని అర్థం. నకిరేకల్‌లో బస్తాలు మోసే ఒకాయన పని చేస్తూ చేస్తూ కూలిపోతుంటే మూర్ఛ అన్నారు. మూర్ఛ మాత్రలు మింగించారు, మళ్లీ పడ్డాడు, మాత్రలు పెంచారు. ఇంతమంది డాక్టర్లలో ఒక్కరైనా పడిపోయినప్పుడు నాడి పట్టుకుని చూశారా అంటే లేదు. ఆ ద్వారం మూసుకుపోయి నాడి అంత నెమ్మదిగా కొట్టుకుంటుంటే మెదడుకు రక్తం ఎట్లా అందుతుంది? పేస్‌మేకర్ పెట్టాక ఆయన మళ్లీ పడలేదు. నాడి చూడటానికి యంత్రం కూడా అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. ఆ రెండు వేళ్లు ఇప్పుడు అందరికీ ఫోన్ మీదే ఉంటున్నాయి.

ఇంత మంచి పరీక్షకు ఒక పెద్ద పరిమితి ఉంది. తీసిన ఆ పది సెకన్ల సంగతే అది చెబుతుంది. నిన్నటిది చెప్పదు, రేపటిది చెప్పదు. దడ వచ్చి పోయిన మనిషికి తీరిగ్గా ఈసీజీ తీసి నార్మల్ అనడం, దొంగ వెళ్లిపోయాక ఇంట్లోకి తొంగి చూసి ఎవరూ లేరు అనడం లాంటిది.

తడి జుట్టు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను హైవే పక్కన ఒక చిన్న పట్నం ఆసుపత్రిలో ఉన్నాను. ఒకరోజు ఓపీలో రేణుక వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చుంది. ఇరవై దాటి ఉంటాయి. పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు చీర మడతలు ఇంకా తెలుస్తున్నాయి. జుట్టు తడిగా ఉంది, నీళ్లు కారి జాకెట్టు వీపు తడిసింది. ఆమె వెనకాల అత్త కొమురమ్మ, గుమ్మం దగ్గర భర్త బీరయ్య, అతని భుజం మీద నెలల పాప. గొర్లు మేపుకునే కుటుంబం. వాళ్ల ఊరు ఆటోలో అరగంట దూరం.

కొమురమ్మే చెప్పింది. పాప పుట్టినప్పటి నుంచి కోడలికి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోందట. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతుందట. కళ్లు తిరిగి, చేతిలో ఏముంటే అది వదిలేసి కూలబడుతుందట. నాలుగైదు రోజులకొకసారి వస్తోంది, ఇవాళ పొద్దున కూడా వచ్చింది అంది. నాడి చూశాను, శుభ్రంగా ఉంది. ఈసీజీ తీశాను, అదీ శుభ్రంగా ఉంది. ఎప్పుడు తగ్గింది అని అడిగాను.

"తానం చేయించంగనే తగ్గింది బిడ్డా. పెద్ద దవాఖానకు పోతున్నమాయె, మాసిన బట్టల తోటి ఎట్ల తోలుకస్తం? కూసోబెట్టి నెత్తిమీదికెల్లి చెంబుతోని పోసిన. గంతే, మంచిగైంది."

మా వైపు ఇదొక పద్ధతి. దవాఖానకు తీసుకెళ్లే ముందు మనిషికి స్నానం చేయించి, మంచి చీర కట్టించి, తల దువ్వి మరీ తెస్తారు. డాక్టర్ ముందు మురికి బట్టలతో నిలబడితే కసురుకుంటారని భయం. కసురుకునేది మనమే కాబట్టి వాళ్లను పూర్తిగా తప్పు పట్టలేం. కానీ రేణుక విషయంలో ఈ పద్ధతి మా కొంప ముంచింది. గోలెంలోని చల్లటి నీళ్లు ముఖం మీద పడి మనిషి ఊపిరి బిగబట్టగానే ఒక నరం గుండె వేగానికి కళ్లెం వేస్తుంది. మధ్య ద్వారం దగ్గర కరెంటు క్షణం ఆగుతుంది. కొన్ని రకాల దడకు అంతే చాలు, అక్కడికక్కడే ఆగిపోతుంది. అంటే కొమురమ్మ పోసేది ఒక రకంగా మందే. మందు వేసి, జబ్బు ఆనవాలు లేకుండా కడిగేసి, కోడలిని నా ముందు కూర్చోబెట్టి జబ్బేమిటో చెప్పమంటుంది.

వాళ్ల ఊళ్లో మంత్రాలు వేసే ఒకాయన దీన్నే పట్టుకున్నాడు. జబ్బయితే నీళ్లకు పోతుందా, నీళ్లు పోస్తే పోయింది కాబట్టి ఇది గాలే అని తేల్చాడు. ఆయనకు తోడు మేము. అప్పటికే రెండు చోట్ల ఈసీజీ తీసి నార్మల్ అన్నారు. హైదరాబాద్‌లో ఒక రోజంతా గుండె లయను రాసుకునే చిన్న పెట్టె ఒంటికి తగిలించి పంపితే, ఆ రోజు దడ రానే లేదు. అదీ నార్మల్. ఒక డాక్టర్ టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు. ఇంత చదువుకున్న వాళ్లమంతా కలిసి ఆ మంత్రాలాయన మాటకు ముద్ర వేసి ఇచ్చాం.

ఇంతలో పాప ఏడ్చింది. రేణుక చేతులు చాపింది. బీరయ్య వెంటనే ఇవ్వలేదు, తల్లి వైపు చూశాడు. కొమురమ్మ తలూపాక ఇచ్చాడు. పాలు తాగడం అయిందో లేదో కొమురమ్మ పాపను తీసేసుకుంది. ఇదేమిటని అడిగాను. గాలి పిల్లకు అంటుతుందట. పాలు ఇచ్చేటప్పుడు తప్ప పాప తల్లి దగ్గర ఉండదు, పడుకునేది నాయనమ్మ పక్కన. ఈ అమావాస్య లోపల తగ్గకపోతే పాలు మాన్పించి, పాపను నార్కట్‌పల్లి అవతల ఉన్న ఆడబిడ్డ ఇంట్లో ఉంచేద్దామని అనుకున్నారట. ఎన్నాళ్లు అంటే, కోడలికి గాలి వదిలేదాకా అంది.

కొమురమ్మ చెడ్డ మనిషి కాదు. మనవరాలంటే ప్రాణం, కోడలంటే కోపం లేదు. దడ వస్తే పరుగెత్తుకెళ్లి నీళ్లు పోసేది ఆమే. నాకు ఇంకా విసుగు తెప్పించింది అదే. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అందరూ లేచి బయటికి నడుస్తుంటే రేణుక నా బల్ల దగ్గరికి వెనక్కి వచ్చింది.

"గాలి కాదని రాసియ్యుండ్రి మేడం. డాక్టర్ రాసిన కాయితమంటే మా అత్త నమ్ముతది. పిల్లను తోలుతున్నరు."

ఏమని రాసివ్వను? నార్మల్ అన్న కాగితాలు వాళ్ల సంచిలో ఇప్పటికే ఉన్నాయి. పాపను తల్లి నుంచి విడదీస్తున్నవి ఆ కాగితాలే.

అడిగితే చెబుతారు

వాళ్లను మళ్లీ లోపలికి పిలిచాను. ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్నలు అడిగాను. దడ మెల్లగా పెరుగుతుందా, ఒక్కసారిగా వస్తుందా అంటే, టక్కున వస్తది, టక్కున పోతది అంది రేణుక. భయంతో, దిగులుతో వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఇది స్విచ్ వేసి ఆర్పినట్టు ఉంది. తగ్గాక ఏమవుతుంది అంటే సిగ్గుపడి అత్త వైపు చూసింది. అయినంక ఒంటికి మస్తుగ పోతది అని కొమురమ్మ చెప్పింది. అంటే మూత్రం ఎక్కువగా వస్తుందని, ఇది ఈ రకం దడకు పెద్ద గుర్తు. బీరయ్యను నాడి లెక్కపెట్టావా అని అడిగితే, చూసిన మేడం, బెదిరి ఉరికే గొర్ల తీరుగ లెక్కకు దొరకలే అన్నాడు. లెక్కకు దొరకలేదంటే అదే లెక్క. ఈ మూడు జవాబులతో నాకు జబ్బు దాదాపు అర్థమైంది. ఈసీజీ కంటే ముందు నోరు, చెవులు వాడమని నేను గొంతు చించుకునేది ఇందుకే.

కానీ నాకు అర్థమైతే చాలదు. హైదరాబాద్ వాళ్లకు దడ నడుస్తుండగా తీసిన గీత కావాలి. కొమురమ్మకూ అదే కావాలి. అందుకని ఆమెకు గట్టిగా చెప్పాను. ఈసారి వస్తే నీళ్లు పోయొద్దు, చీర మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టు ఆటో ఎక్కించాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

"తానం చేయించకుండా తోలుకరాండ్రి. గంతే మీరు చేసేది."

"నీళ్లు పొయ్యకుంటె దాని పానం పోతె?"

"అరగంట తొవ్వకు పోదు. నాది పూచీ."

"నీ పూచీ నేనేం జేసుకుంట బిడ్డా. పోతె పోయేది మా పిల్ల పానం గదా."

నా చదువంతా ఆమెకు ఒక మాట మాత్రమే. నీళ్లు ఆమె కళ్లారా చూసిన మందు.

పరదా లేని గది

రేణుక పాత ఈసీజీలు తిరగేస్తే నాకు ఇంకో విడత కోపం వచ్చింది. ఒకదాంట్లో ఛాతీ మీద పెట్టాల్సిన తీగలు ఎక్కడో పొట్ట దగ్గర పెట్టినట్టున్నారు. కారణం తెలుసా? ఆ గదికి పరదా ఉండదు. తలుపు దగ్గర పదిమంది నిలబడి ఉంటారు. ఆడపిల్ల జాకెట్టు విప్పదు, తీసేవాడు విప్పమని అడగలేడు, దొరికిన చోట అతికించి మీట నొక్కుతాడు. యంత్రం పాపం దానికి తెలిసింది గీస్తుంది. ఒక పాత దుప్పటి అడ్డం కడితే తీరిపోయే సమస్య ఇది. మా ఆసుపత్రిలో పరదా కోసం అడిగీ అడిగీ, చివరికి మా ఇంటి కిటికీ పరదా తెచ్చి కట్టాను.

ఇంకొకాయన ఛాతీకి నిండా నొప్పుల బామ్ పట్టించుకుని వచ్చేవాడు, తీగల బుడ్డలు నిలిచేవి కావు. తుడవడానికి బద్ధకించి అట్లాగే తీస్తే గీత వణికిపోయి గుండె లయే తప్పినట్టు కనిపించింది. మరొక చోట కుడి చేతి తీగ ఎడమ చేతికి, ఎడమ చేతిది కుడి చేతికి పెట్టారు. గీత తలకిందులైంది. నీ గుండె కుడివైపు ఉంది అని ఆ మనిషికి చెప్పి హైదరాబాద్ పంపారు. ఆయన దారి పొడుగునా కుడి రొమ్ము పట్టుకుని కూర్చున్నాడట. నవ్వొస్తుంది, కానీ ఆయన భార్య ఏడ్చిన ఏడుపుకు ఎవరు పూచీ?

యంత్రం కాగితం పైభాగాన తనంతట తాను అచ్చు వేసే మాట ఒకటి ఉంటుంది, నార్మల్ అనో, అనుమానం అనో. దయచేసి ఆ లైను మీద బొటనవేలు పెట్టి మూసేసి, కింద ఉన్న గీతను చూడండి. మీకు జీతం ఇచ్చేది గీత చూడటానికి.

తాళంచెవి

అప్పట్లో మా సూపరింటెండెంట్ ఒకాయన ఉండేవారు. పేరు అవసరం లేదు. కొత్త ఈసీజీ యంత్రం వస్తే ఆయన దాన్ని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన జేబులో ఉండేది, అడిగినప్పుడు తీసిచ్చి పని కాగానే మళ్లీ లోపల పెట్టేవారు. పాడైతే బాగుచేసే దిక్కు ఉండదని ఆయన బాధ. అది అబద్ధం కాదు, పాతది అప్పటికే రిపేరుకు పోయి తిరిగి రాలేదు. కానీ తాళంలో ఉన్న యంత్రం పాడవకుండా ఉండి ఎవరిని బతికిస్తుంది? నేను ప్రతిరోజూ అడిగేదాన్ని. ఆయన ప్రతిరోజూ నవ్వి, అవసరమైతే అడుగు అమ్మా అనేవారు. అవసరం చెప్పాపెట్టకుండా వస్తుందని ఆ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి?

మళ్లీ దడ వచ్చినప్పుడు రేణుకను వాళ్లు స్నానం చేయించకుండానే తెచ్చారు. నేను చెప్పినట్టే చేశారు. బెంచీ మీద కూర్చోబెడితే మెడ దగ్గర నరం దూరం నుంచే కనిపిస్తోంది. నాడి లెక్క నా వేళ్లకు కూడా అందలేదు. బీరువా దగ్గరికి పరుగెత్తాను. తాళం. సార్ కలెక్టరేట్‌లో మీటింగ్‌కు వెళ్లారు. ఫోన్ చేస్తే, వస్తున్నా, నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నారు. అటెండర్‌ను పిలిచి తాళం పగలగొట్టమన్నాను. అతను భయపడ్డాడు, నేను అరిచాను, ఇనుప రాడ్డు కోసం వెళ్లాడు. ఈలోపు భయానికి, వికారానికి రేణుక వరండాలోనే వాంతి చేసుకుంది. వాంతి కూడా చల్లనీళ్లలాగే ఆ నరాన్నే తడుతుంది. దడ ఆగిపోయింది. తాళం పగిలి యంత్రం బయటికి వచ్చి గీత తీసేసరికి, నార్మల్.

"నువ్వు చెప్పినట్టే చేసిన గదా బిడ్డా" అంది కొమురమ్మ. "నీళ్లు పక్కన్నే పెట్టుకోని, పిల్ల గుంజులాడుతుంటె సూసుకుంట కూసున్న."

ఆ మాట విన్నాక నేను సూపరింటెండెంట్ గదికి వెళ్లి ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. వచ్చాక పగిలిన తాళం చూసి ఆయన ఏదో అనబోయారు. నేను అననివ్వలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను, వరండాలో ఉన్న రోగులందరూ విన్నారు. నాకు మెమో వచ్చింది. యంత్రం మాత్రం మర్నాటి నుంచి చక్రాల బల్ల మీద క్యాజువాలిటీలోనే ఉంది, మళ్లీ బీరువా ఎక్కలేదు. కొత్తగా చేరేవాళ్లకు ఒకటే చెబుతాను. పైఅధికారితో గొడవ పడాల్సిన విషయాలు సర్వీసులో మూడో నాలుగో ఉంటాయి. మిగతావాటికి నోరు మూసుకుని, వీటికి దాచుకోండి.

అమావాస్యకు ముందు

రేణుకకు ఆ తర్వాత హైదరాబాద్‌లో తొడ నరం గుండా సన్నటి తీగ పంపి, లోపల దడకు కారణమైన అడ్డదారిని కాల్చి మూసేశారు. ప్రభుత్వ కార్డు మీదే అయింది. మళ్లీ దడ రాలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు అలాంటి చికిత్స మామూలే, ఫోన్‌కు అతికించుకుని ఇంట్లోనే గీత తీసుకునే పరికరాలు కూడా వచ్చాయి. నేను చెప్పదలచింది అంతకు ముందటి ఒక రోజు సంగతి.

అమావాస్యకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఆడబిడ్డ పాపను తీసుకెళ్లడానికి వచ్చి వాళ్లింట్లోనే ఉందట. పొద్దున తొమ్మిదింటికి ఆటో ఆగింది, పాపను ఎత్తుకుని ఆ ఆడబిడ్డ కూడా దిగింది. రేణుక దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ ఉన్నట్టే వచ్చింది. చేతులకు పేడ, చీర అంచుకు గొర్ల ఎరువు, తల నిండా దుమ్ము. అంత మురికిగా వచ్చిన మనిషిని చూసి నేను అంతగా ఎప్పుడూ సంతోషపడలేదు.

"ఇదే ఆఖరు బిడ్డా. ఇగ నాతోని కాదు" అంది కొమురమ్మ.

పరదా లాగాను. బీపీ చూశాను, పరవాలేదు. ఛాతీ దూదితో తుడిచి తీగలు నేనే పెట్టాను. మీట నొక్కాను. కాగితం వచ్చింది. సన్నటి సూదులు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో జాగా లేకుండా, ఒక్కటి కూడా వరస తప్పకుండా, ముందు ఉండాల్సిన చిన్న గుబ్బలు కనపడకుండా. దొరికింది. నేను గట్టిగా దొరికింది అని అరిచానట, నర్సు తర్వాత చెప్పింది.

మందు ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకున్నాను. కానీ ముందు కొమురమ్మను పరదా లోపలికి పిలిచాను. టీకాల పెట్టెలోని ఐసు ముక్కలు వేసిన నీళ్లలో గుడ్డ ముంచి ఆమె చేతికిచ్చాను.

"ఇగ ఇప్పుడు నీ నీళ్లు పెట్టు కొమురమ్మా. మొఖం మీదనే, ఛాతీ తడవనీయకు. కండ్లు మాత్రం గీ కాయితం మీద పెట్టు."

యంత్రాన్ని ఆపకుండా నడిపించాను. రేణుకను ఊపిరి బిగబట్టమన్నాను. కొమురమ్మ గుడ్డను కోడలి ముఖం మీద, నుదుటి నుంచి గడ్డం దాకా అదిమి పట్టింది. కాగితం మీద సూదులు తోసుకుంటూ వస్తూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆగాయి. వేలెడంత జాగా ఖాళీగా గీత మాత్రమే వచ్చింది. ఆ తర్వాత ఒక గుబ్బ, ఒక సూది. మళ్లీ ఒక గుబ్బ, ఒక సూది, తీరిగ్గా. రేణుక గుడ్డ పక్కకు తోసి గట్టిగా గాలి పీల్చుకుంది.

కొమురమ్మ ఆ కాగితాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది. ఏందిది అని అడిగింది. నేను ఆమెకు తెలిసిన భాషలో చెప్పాను. దొడ్డికి ఒక తడక ఉంటుంది, గొర్లు దాంట్లోంచి లోపలికి పోతాయి. కంచెకు పక్కన ఎక్కడో సందు పడింది అనుకో. లోపలికి పోయిన గొర్రె ఆ సందులోంచి బయటికి వచ్చి మళ్లీ తడకలో దూరుతుంది. దాని వెనకాల ఇంకొకటి. అట్లా తిరుగుతూనే ఉంటాయి, ఆగవు. నీ నీళ్లు ఏం చేస్తున్నాయంటే ఒక్క క్షణం తడక మూస్తున్నాయి. తిరుగుడు తెగిపోతుంది. సందు మాత్రం అట్లాగే ఉంది, అందుకే మళ్లీ వస్తోంది. రేణుక పుట్టినప్పుడే ఆ సందు ఉంది, ఇప్పుడు తిరుగుడు మొదలైంది.

"అయితె సందు మూసుడే గదా."

"అంతే. హైదరాబాద్‌ల మూస్తరు."

ఆమె ఇంకా కాగితాన్ని వదలలేదు. గొంతు తగ్గించి అడిగింది.

"కంచె సందయితె, పిల్లకు అంటదా?"

"అంటదు. గాలి లేదు, ఏం లేదు. తల్లి దగ్గర పండుకుంటె అంటుకునే జబ్బు కాదిది."

కొమురమ్మ పరదా పక్కకు జరిపి బయటికి వెళ్లింది. వరండాలో ఆడబిడ్డ ఎత్తుకుని ఉన్న పాపను తీసుకుని లోపలికి వచ్చింది. కోడలి ఛాతీ మీద, తీగల మీదే పాపను పడుకోబెట్టింది. పెట్టి, అట్లాగే మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేణుక పేడ చేతులు పాపకు తగలకుండా మోచేతులతోనే దగ్గరికి లాక్కుంది.

యంత్రం ఇంకా నడుస్తోంది. పాప కాళ్లు తన్నింది, రెండు తీగలు ఊడాయి, ఒకటి గుప్పిట్లో పట్టుకుంది. కాగితం నిండా పిచ్చి గీతలు. దడ ఆగాక మామూలు లయలో ఉన్నప్పుడు ఒక మంచి ఈసీజీ తప్పకుండా కావాలి, హైదరాబాద్ వాళ్లు అడుగుతారు. బయట ఓపీలో జనం గోల చేస్తున్నారు. తీగలు కదిలిస్తే నేను ఎవరినైనా, ఎంతటివారినైనా కసురుకునేదాన్ని. ఆ రోజు మీట ఆపేసి స్టూలు లాక్కుని కూర్చున్నాను. పాప పాలు తాగి పడుకునేదాకా ఆగి, మళ్లీ తీశాను.